లోపలి రెక్క

కోటు బాగా కుదిరిందని వాన్‌రూ అప్పటికి రెండుసార్లు అంది. మూడోసారి అనబోతూ, కుడిచంక కింద ఉన్న ముడిగుండీ విప్పింది.

అంతవరకూ చూ మేస్త్రి దుకాణంలో అందరూ సంతోషంగానే ఉన్నారు. అది టెంగ్ వారింటి పెద్దావిడ ఎనభయ్యో పుట్టినరోజుకి కుట్టిన కోటు. నేరేడుపండు రంగు పట్టు, దాని నిండా అదే రంగులో నేసిన మేఘాలు. వెలుతురుకి అటూ ఇటూ తిప్పితే తప్ప ఆ మేఘాలు కనిపించవు. కోడలు వాన్‌రూ ఇప్పటి పద్ధతిలో బిగుతు చేతులు పెట్టించాలంది. పెద్దావిడ ససేమిరా అంది. తన కాలంలో కోటు చేతిలో పిల్లి పిల్లల్ని పెట్టినా బయటికి తెలిసేది కాదట. ఈ కాలపు చేతులు వేసుకుంటే మోచెయ్యి జైల్లో పెట్టినట్టు ఉంటుందట. చివరికి అత్తగారి మాటే నెగ్గింది. చేతులు ముంజేతి దగ్గర వెడల్పుగా, గంట అంచులా విచ్చుకున్నాయి.

వాన్‌రూ తన వెంట ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళను తీసుకొచ్చింది. వాళ్ళు వెనకవైపు నడుమ కుట్టు పట్టుకుని చూసి, మేఘం సగం ఇటూ సగం అటూ ఎంత చక్కగా కలిసిందో చెప్పుకున్నారు. చూ మేస్త్రి కత్తెర అంటే కత్తెరేనన్నారు. మేస్త్రి తల వంచి నవ్వాడు.

వెనక బల్ల దగ్గర కూర్చుని దారానికి మైనం పట్టిస్తున్న సూయిన్ కూడా తనలో తాను నవ్వుకుంది. ఆ మేఘాలను కలిపింది తను. రెండేళ్ళ కిందట మేస్త్రి కుడిచెయ్యి వణకడం మొదలైన దగ్గర్నుంచీ ఆ దుకాణంలో ప్రతి బట్టా కత్తిరించేది తనే. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. ఆడమనిషి కత్తెర పడుతుందంటే లూషి ఊళ్ళో పెద్దింటివాళ్ళు పట్టు తెచ్చి ఇవ్వరని మేస్త్రి భయం. ఆమెకూ అది నిజమే అనిపించింది.

వాన్‌రూ పై రెక్క తీసి చూసింది. దాని కింద, ఎడమవైపుకి పోయే లోపలి రెక్క ఉంది. గుండీలు పెట్టాక ఎవరికీ కనపడని ముక్క అది. ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి, గుమ్మం దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పింది. రంగు ఇంచుమించు అదే. మేఘాలు మాత్రం లేవు.

"ఇది నా పట్టు కాదు," అంది.

వాన్‌రూ గొంతు పెరిగింది. పదకొండు అడుగుల బట్ట ఇచ్చానని, అది పరాయి కొట్లో కొన్నది కాదని, ఉత్తర వంతెన దగ్గర తన సొంత అన్న కొట్లో, అన్న చేత్తోనే కొలిచి ఇచ్చిందని చెప్పింది. మేఘాల ముక్క ఎవరి కోటుకి పోయిందని అడిగింది. బల్ల మీద కత్తెర వేసేది మేస్త్రి, చిన్న ముక్కలన్నీ పోగుచేసేది పనిమనిషి, ఆ మాత్రం తనకూ తెలుసంది. ఆ మాటంటూ నేరుగా సూయిన్ వైపు చూసింది.

సూయిన్ మేస్త్రి వైపు చూసింది. బట్ట అరడుగు తక్కువ వచ్చిందని పది రోజుల కిందటే ఆయనతో చెప్పింది. బట్ట తీసుకున్న రోజున ఆయన కొలవలేదు. తెలిసినవాళ్ళ ముందు కొలకర్ర తీస్తే అవమానించినట్టు ఉంటుందట. తక్కువైందని వెళ్ళి అడగడానికీ ఆయన ఒప్పుకోలేదు. అడిగితే దొంగలంటారు, ఎలాగో సర్దు అన్నాడు. సర్దడమంటే లోపలి రెక్కకి నూలుబట్ట వెయ్యడం. ఊళ్ళో సగం కోట్లకి అంతే. కానీ ఎనభై ఏళ్ళ మనిషి గుండెల మీద గరుకు నూలు వెయ్యడానికి సూయిన్‌కి చేతులు రాలేదు. తన ఒకే ఒక్క పట్టు కోటు తీసి, దాని లోపలి రెక్క విప్పి, ఇందులో కుట్టింది. నూలుముక్క తన కోటుకి వేసుకుంది.

ఇదంతా మేస్త్రికి తెలుసు. ఆయన బల్ల వెనకనుంచి ముందుకు వచ్చి, వాన్‌రూ ఎదుట నడుం దాకా వంగాడు.

"పనివాళ్ళ పొరపాటమ్మగారూ. ఇకమీదట జరగదు."

సూయిన్‌కి ఆయన వీపు మాత్రమే కనిపించింది. ఆ పొడుగు అంగీ వెనక కుట్టు తను వేసిందే. వంగినా కుట్టు తిన్నగానే ఉంది.

వాన్‌రూ కోటును బల్ల మీద పడేసింది. పుట్టినరోజు నాలుగు రోజుల్లో ఉంది, ఈలోగా తన పట్టు తన కోటుకి రావాలని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె గొంతు వీధి మలుపు తిరిగేదాకా వినిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున సూయిన్ వచ్చేసరికి ఆమె పీట బల్ల దగ్గర లేదు. కిటికీ పక్కన, గుండీలు ముడివేసే చోట పెట్టి ఉంది. మాట సద్దుమణిగేదాకా కొన్నాళ్ళు గుండీలు చూసుకోమని మేస్త్రి అన్నాడు. ఆ మాట ఆమె మొహం చూసి కాదు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతూ అన్నాడు.

ఆమె కూర్చుంది. సన్నటి గుడ్డ బద్దీని వేలికి చుట్టి, కిందనుంచి పైకి తీసి, మళ్ళీ సందులోంచి దూర్చి లాగితే గుండీ గోరంత గుండ్రంగా బిగుసుకుంటుంది. పన్నెండేళ్ళ పిల్ల కూడా వేస్తుంది ఆ ముడి. భోజనాల వేళకి నలభై వేసింది. బల్ల మీద బియ్యం వర్తకుడి మాగువాకి తెచ్చిన నల్లపట్టు మడత విప్పకుండా పడి ఉంది. పొడుగు అంగీ మీద తొడిగే ఆ పొట్టి కోటుని పెద్దమనుషులు పండక్కీ పెళ్ళికీ వేసుకుంటారు. అందులో ఒక్క గీత వంకరపోయినా ఎదురుగా గుండెల మీదే కనపడుతుంది. మేస్త్రి రెండుసార్లు గీత కొట్టే సుద్దదారం తీశాడు, రెండుసార్లూ మళ్ళీ డబ్బాలో పెట్టాడు.

పెరుగులా గడ్డకట్టిన సోయా ముద్దలు అమ్మే హువాంగ్ అత్త కిటికీ దగ్గర కావిడి దించింది. రోజూ ఓ ముక్క ఎక్కువ వేసి పోయే మనిషి. ఆవేళా వేసింది. వేస్తూ నవ్వి అంది.

"సూయినూ, నా చెప్పుల మీదకి పట్టుముక్క ఏమన్నా మిగిలిందటే? మేఘాలుంటే మరీ మంచిది."

ఆమెలో విషం లేదు. ఊరంతా అంటున్నదే తనూ అంది. కానీ సూయిన్ చేతిలో ఉన్న ముడి బిగుసుకోలేదు. ఇంకోసారి వేసింది. అదీ జారింది. ఈ మాట ఇలాగే వేళాకోళంగా పదేళ్ళు తిరుగుతుందని, తను ముసలిదయ్యాక కూడా ఎవరో ఒకరు చెప్పులకి ముక్క అడుగుతారని అనిపించింది. బద్దీ పక్కన పెట్టి లేచింది.

ఆ కోటు మొత్తం విప్పేస్తానని మేస్త్రితో చెప్పింది. ప్రతి ముక్కా పట్టు నేసినప్పుడు ఉన్నచోటే నేల మీద పరిచి చూపిస్తానంది. మేస్త్రి కంగారుపడ్డాడు. పూర్తయిన కోటు విప్పడం అపశకునం అన్నాడు. మూడు రోజుల్లో తిరిగి కుట్టలేమన్నాడు. ఇప్పుడు విప్పితే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందన్నాడు.

"ఒప్పుకున్నది మీరు మేస్త్రీ," అంది సూయిన్. "నేనింకా ఏమీ ఒప్పుకోలేదు."

ఆమె కోటు మడిచి మూట కట్టుకుని టెంగ్ వారింటికి బయల్దేరింది.

వాన్‌రూ ఇంట్లో లేదు. ఆమె ఏ వీధిలో ఏం చెబుతోందో సూయిన్ అడగలేదు. పెద్దావిడ పెరట్లో చామంతి కుండీల మధ్య ఎండలో కూర్చుని, పీత కాలు పళ్ళతో కొరకలేక దానితో పోరాడుతోంది. సూయిన్ పీటమీద కూర్చుని, ఆ పీత కాళ్ళు ఒక్కొక్కటే విరిచి, మాంసం తీసి చిన్న గిన్నెలో వేస్తూ తను వచ్చిన పని చెప్పింది. రేపు పొద్దున్న కోడలుగారు దుకాణానికి వస్తే చాలు, కోటు ఆమె ఎదురుగా విప్పుతాను అంది.

ముసలావిడ కళ్ళు మెరిశాయి.

"మొత్తం విప్పుతావా?"

"మొత్తం, పెద్దమ్మగారూ."

"ఎనభై ఏళ్ళొచ్చాయి, కోట్లు కుట్టడం చూశాను గానీ వెనక్కి కుట్టడం చూళ్ళేదు. నేనూ వస్తా. దాన్ని నేనే లాక్కొస్తా."

మర్నాడు దుకాణం అరుగు నిండింది. పెద్దావిడని వెదురు కుర్చీలో మోసుకొచ్చి గుమ్మానికి ఎదురుగా దించారు. వాన్‌రూ చేతులు కట్టుకుని నిలబడింది. మొన్నటి ఇరుగుపొరుగు ఇద్దరూ వచ్చారు. హువాంగ్ అత్త కావిడి దించి దాని మీదే కూర్చుంది. మేస్త్రి లోపలి గుమ్మాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

సూయిన్ నేల తుడిచి చాపలు పరిచి ఉంచింది. మోకాళ్ళ మీద కూర్చుని చిన్న కత్తెర మొనతో మొదటి కుట్టు తెంపింది. తొమ్మిది రోజులు కుట్టినది విప్పడానికి గంట పట్టింది. ముందు గుండీలు, తరవాత మెడపట్టీ, లైనింగు, పక్క కుట్లు, చేతుల అతుకులు. దారపు తుంపుల్ని నోటితో ఊదేసి, ఒక్కొక్క ముక్కనీ చేత్తో సాపు చేసి చాప మీద పెట్టింది.

ఈ కోట్లకి భుజం మీద కుట్టు ఉండదు. ముందూ వెనకా ఒకే పొడుగు బట్ట, భుజం దగ్గర మడత మాత్రమే. విప్పేసరికి ఎడమ సగం ఒక పొడుగుపాటి పట్టీ అయింది, కుడి సగం ఇంకొకటి. వాటి అంచుకి చేతుల అతుకు ముక్కలు చేర్చింది. అడ్డంగా పోయే పై రెక్కను దాని చోట పెట్టింది. మెడకోసం కోసిన గుంటలో మెడపట్టీ ముక్కలు సరిగ్గా ఇమిడాయి. చంకల కింద వంపుల్లో అంచుపట్టీలు పడ్డాయి. మేఘం పక్కన మేఘం వచ్చి కలుస్తున్నప్పుడల్లా హువాంగ్ అత్త "ఊఁ" అంటోంది, కథ వింటున్నట్టు. కోటు పోయి, చాప మీద మళ్ళీ బట్ట వచ్చింది. ఒక చివర నేతవాళ్ళ పేరు నేసిన ఎర్రగీత ఉంది. రెండో చివర కొట్లో బట్టతాను నుంచి కోసినప్పుడు కత్తెర పడ్డ పంటిగాటు అలాగే ఉంది. రెండింటికీ నడుమ చిటికెన వేలంత ఖాళీ కూడా లేదు. మేఘాలు లేని ముక్క ఒక్కటే ఎక్కడా చోటు లేక పక్కన మిగిలిపోయింది.

వాన్‌రూ వంగి చాలాసేపు చూసింది. ఆమె కోపిష్టి గానీ అబద్ధాలాడే మనిషి కాదు. ముక్క ఏదీ పోలేదని ఒప్పుకుంది. కొలవమంది.

సూయిన్ బల్ల మీది కర్రతో కొలిచింది. పదిన్నర అడుగులు వచ్చింది.

"అయితే నీ కర్ర అబద్ధం చెబుతోంది," అంది వాన్‌రూ. "మా అన్నయ్య చెయ్యి తక్కువ కొలిచే చెయ్యి కాదు."

సూయిన్ ఆ కర్రని ఆమె చేతికే ఇచ్చింది. "అలాగైతే మీ అన్నగారి కర్రనీ తెప్పించండమ్మగారూ. రెండూ ఇక్కడే పడుకోబెడదాం."

వాన్‌రూ ఎవరినీ పంపలేదు, తనే వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు వెనకాల అన్న కూడా వచ్చాడు. చంకలో కొలకర్ర, మొహం నిండా చెమట. రెండు కర్రల్నీ చాప మీద పక్కపక్కన పెట్టారు. ఒక చివర కలిసింది. రెండో చివర కలవలేదు. కొట్టు కర్ర బొటనవేలి వెడల్పులో సగం పొట్టి.

అన్న మొహం ముందు తెల్లబడింది, తరవాత ఎర్రబడింది. తన కర్ర మీద కాల్చి వేసిన ముద్ర అందరికీ చూపించాడు. ఎండాకాలంలో జిల్లా కచేరీ వాళ్ళు పాత కర్రలన్నీ పట్టుకుపోయి కొత్తవి ఇచ్చారట. దేశమంతటికీ ఒకే అడుగట. కొట్టున్న వాళ్ళందరికీ ఇచ్చారట.

"దర్జీలకి ఇచ్చారా?" అని అడిగింది పెద్దావిడ.

ఇవ్వలేదు. మేస్త్రి కర్ర వాళ్ళ తాత నాటిది. కొత్త కర్రతో కొలిచారు. సరిగ్గా పదకొండు.

ముందు నవ్వింది ముసలావిడే. కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. తరవాత హువాంగ్ అత్త, ఆ తరవాత అరుగు మీది వాళ్ళందరూ. వాన్‌రూ నవ్వలేదు. మేఘాలు లేని ముక్కని నేల మీదనుంచి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"మరి ఇదెవరిది?"

"నాదమ్మగారూ. నా కోటులోది."

వాన్‌రూ ఆ ముక్కను మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది. తరవాత తన పక్కనున్న ఇద్దరినీ అడిగింది, తను ఈ మాట ఎన్ని గుమ్మాల్లో చెప్పిందో. ఒకావిడ తొమ్మిది అంది. రెండో ఆవిడ, పడవల రేవుతో కలిపి పది అంది.

"పది గుమ్మాలూ మళ్ళీ ఎక్కుతాను," అంది వాన్‌రూ. "హువాంగ్ అత్తా, నువ్వు ఇక్కడే విన్నావు కాబట్టి తొమ్మిది." అని, సూయిన్‌కి తల వంచింది. లోతుగా కాదు, కానీ అందరూ చూస్తుండగా. అప్పటికప్పుడే వీధిలోకి దిగిపోయింది. చెడ్డమాట చెప్పినప్పటి ఊపుతోనే మంచిమాటా చెబుతూ పోతుంటే గొంతు మలుపు దాకా వినిపించింది.

అన్న తన కొట్టునుంచి అదే మేఘాల పట్టు అరడుగు ఊరికే పంపుతానన్నాడు, లోపలి రెక్క మార్చేయమన్నాడు. పెద్దావిడ వద్దంది. ఆ ముక్క తనకి నచ్చిందట. పట్టు పంపు గానీ అది రెక్కకి కాదంది.

"ఎలాగూ విప్పావు కదా పిల్లా. ఆ అరడుగూ పెట్టి చేతులు ఇంకో రెండు వేళ్ళు వెడల్పు చెయ్యి. నా కోడలు తిరిగొచ్చేలోగా కత్తిరించెయ్."

వెళ్ళేముందు ఇరుగుపొరుగు ఆవిడ ఒకామె చాప మీది బట్టను మరోసారి చూసి, గోరంత కూడా వృథా పోని ఈ కత్తిరింపు మేస్త్రికే చెల్లిందని మెచ్చుకుంది. మేస్త్రి ఈసారి నవ్వలేదు. సూయిన్ ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ రెండు రోజులూ ఆమె కుడుతూనే ఉంది. ఆమె పీట మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. ఎవరు పెట్టారో ఆమె అడగలేదు. మేస్త్రి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేశాడు. కుట్టు మడతలకి రాయడానికి బియ్యపు జిగురు తనే ఉడికించాడు. ఉండలు కడితే పారబోసి మళ్ళీ ఉడికించాడు. గంటకోసారి టీ తెచ్చి, బట్టకి దూరంగా పెట్టి, చల్లారితే మార్చాడు. నలభై ఏళ్ళ కిందట, పని నేర్చుకునే రోజుల్లో చేసిన పనులవి. సూయిన్ "ఇస్త్రీ" అంటే ఇస్త్రీపెట్టె అందించాడు, "దారం" అంటే దారం. అంతకు మించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒక్కసారి మాత్రం ఆయన పక్కకి వచ్చి నిలబడి, కొత్తగా అతికిన చేతి అంచు చూసి, తను చేసి ఉంటే ఈ వంపు కాస్త ఇరుకు చేసి చెడగొట్టేవాణ్ణని అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. ఆ మాట ఆమె ఒక్కదానికే కదా వినిపించింది.

పుట్టినరోజు నాడు టెంగ్ వారి వసారాలో ఎనిమిది బల్లలు వేశారు. మొగవాళ్ళు చాలామంది పొడుగు అంగీల మీద నల్ల మాగువాల్లో వచ్చారు. ముసలివాళ్ళు కొందరు దూది కూరిన కోట్లలో, కొందరు చేతుల్లేని పొట్టి కోట్లలో వచ్చారు. ఆడవాళ్ళ కోటు చేతులు వయసుని బట్టి వెడల్పుగానూ బిగుతుగానూ ఉన్నాయి. పెద్దావిడ నడుమ కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళ వైపూ రెండు చేతులూ చాచి దీవిస్తోంది. దీవెన కంటే చేతుల వెడల్పు చూపించడమే ఎక్కువ. వాన్‌రూ ఆ చేతులు చూసి నిట్టూర్చి, పీచుపండు ఆకారపు ఆవిరి రొట్టెల పళ్ళేలు పంచుతోంది.

ఆ ఇంట్లో ఓ ఆనవాయితీ ఉంది. మొదటి గిన్నె సారా పుట్టినరోజు మనిషికి, రెండోది ఆ మనిషికి బట్టలు కుట్టిన వాళ్ళకి. వాన్‌రూ రెండు చేతులతో గిన్నె పట్టుకుని మేస్త్రి కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చింది. మేస్త్రి లేచాడు. ఆడవాళ్ళ బల్లల్లో చివరిదాని దగ్గర, హువాంగ్ అత్త పక్కన కూర్చున్న సూయిన్ తన నూడుల్స్ గిన్నెలోకి చూసుకుంటోంది.

చూ మేస్త్రి కత్తెర వల్లే తమ అత్తగారు ఇవాళ పాతికేళ్ళు చిన్నదిగా కనిపిస్తోందని వాన్‌రూ అంది. అందరూ అవునన్నారు.

మేస్త్రి గిన్నె అందుకోలేదు.

"ఇది నాకు రావాల్సింది కాదమ్మగారూ," అన్నాడు. ఓసారి దగ్గి, ఇంకాస్త గట్టిగా అన్నాడు. "ఈ కోటు కత్తిరించింది సూయిన్. ఇదొక్కటే కాదు. నా చెయ్యి పనికిరాకుండా పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో నా దుకాణంలో మీరు కుట్టించుకున్నవన్నీ ఆమె కత్తిరించినవే. బట్ట తక్కువైందని ఆమె నాకు ముందే చెప్పింది. నేనే నోరు మూసుకున్నాను. మొన్న నేను వంగింది తప్పు. వంగాల్సింది ఆమెకి."

అని, బల్లల మధ్య దారిలో నడిచి వెళ్ళి, సూయిన్ ఎదుట నడుం దాకా వంగాడు.

మొదట బియ్యం వర్తకుడు తన మాగువా ముందువైపు కిందికి చూసుకున్నాడు. ఆ పక్కన బడి మేష్టరు మోచెయ్యి ఎత్తి చంక కింద కుట్టు చూసుకున్నాడు. తరవాత ఒకరి వెనక ఒకరు, ఎనిమిది బల్లల వాళ్ళూ తమ భుజాలూ, మెడపట్టీలూ, రెక్కల అంచులూ తడుముకున్నారు. ఎన్నాళ్ళనుంచో ఒంటి మీద ఉన్నవాటిని ఆ క్షణానే కొత్తగా తొడుక్కున్నట్టు చూసుకున్నారు. ఎవరూ విప్పి పారెయ్యలేదు.

"చూసుకున్నది చాలు, నూడుల్స్ చల్లారిపోతున్నాయి," అంది పెద్దావిడ. "వాన్‌రూ, గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడతావే. అటు తీసుకెళ్ళు."

వాన్‌రూ గిన్నె తీసుకుని చివరి బల్ల దగ్గరికి వచ్చింది. సూయిన్ లేచి నిలబడింది. ఆమెకి సారా అలవాటు లేదు. గిన్నెను రెండు చేతులతో అందుకుని, మేస్త్రికి తల వంచి, పెదవుల దగ్గర పెట్టుకుంది. హువాంగ్ అత్త లేచింది. బియ్యం వర్తకుడు లేచాడు, మేష్టరు లేచాడు. బల్లలన్నీ లేచాయి. సారా వెచ్చగా, కాస్త తీపిగా ఉంది. ఆమె నెమ్మదిగా, చివరి చుక్క దాకా తాగింది. అంతవరకూ ఎవరూ కూర్చోలేదు.